రికార్డు పుస్తకములో తొమ్మిది

మన యిండ్లలో సైన్సు చదువుకొను పిల్లలున్నయెడల వారి బల్లమీద రికార్డు అను నొక అట్టపుస్తకము తప్పక కనబడును. ఉద్దేశము, పరికరములు, బొమ్మ, సూత్రము, కొలతలు, ఫలితము అను శీర్షికలతో, ముత్యములవంటి అక్షరములతో అది నిండియుండును. తల్లిదండ్రులు దానిని త్రిప్పిచూచి సంతోషింతురు. అందలి కొలతలు నిజముగా కొలిచినవేనా యని అడిగినవారిని మాత్రము మేము చూడలేదు. మేమును అడుగలేదు. అడుగకపోవుటయే కాదు, ముప్పదియేండ్లు భౌతికశాస్త్రము బోధించి, అట్టి పుస్తకములను వేలకొలది సంతకము చేసి పంపిన వారము మేము. ఆ సంతకములను గూర్చియే యిప్పుడు వ్రాయుచున్నాము.

మాది నరసరావుపేట. 2022 ఏప్రిలు 4వ తేదీన పల్నాడు జిల్లా యేర్పడినది మొదలు ఇది జిల్లాకు ముఖ్యపట్టణము. మహాశివరాత్రికి దగ్గరలోని కోటప్పకొండకు చుట్టుప్రక్కల గ్రామములవారు ఆకాశమంటునట్టి ప్రభలు కట్టి తెత్తురు. వానిమీద రంగురంగుల విద్యుద్దీపముల వరుసలు వెలుగుచుండును. ఒక దీపము పోయినచో వరుసంతయు ఎందుకు ఆరిపోయినదని తండ్రి భుజముమీద కూర్చుండి అడుగుటతోనే మా ప్రాంతపు పిల్లల విద్యుచ్ఛాస్త్రము ప్రారంభమగును. మా కుమార్తె కుమార్తె అట్లే అడిగినది. ఇప్పుడు మాయింట నుండి పాలిటెక్నిక్కులో ఎలక్ట్రానిక్సు డిప్లొమా చదువుచున్నది.

గడచిన వేసవిలో ఆమె యింట నొక చిన్న ప్రయోగము చేసినది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ యొకటి, ఒక మెగాఓము రెసిస్టరు ఒకటి, పది మైక్రోఫారడుల కెపాసిటరు ఒకటి. బ్యాటరీనుండి రెసిస్టరు ద్వారా కెపాసిటరు మెల్లమెల్లగా నిండును. చిన్న రంధ్రముగుండ కుండలోనికి నీరు దిగినట్లని తలచవచ్చును. అది నిండుటను మల్టీమీటరుతో చూచి, ఎన్ని సెకనులకు ఎన్ని వోల్టులైనవో పట్టిక వ్రాయవలెను. ఈ ప్రయోగమును మేము మా యుద్యోగకాలమున ఏటేట చేయించితిమి. చివర కొలత ఏమి రావలెనో మాకు కంఠస్థము: బ్యాటరీ తొమ్మిదైనచో కెపాసిటరును తొమ్మిదే.

పిల్ల రికార్డు మాకు చూపినది. చివరి వరుసలో 8.1 అని యున్నది. మేము రెండవ ఆలోచన లేకయే ఎఱ్ఱకలము తీసి దానిని కొట్టివేసి ప్రక్కన 9.0 అని వ్రాసితిమి.

“తాతయ్యా, బ్యాటరీని విడిగా కొలిస్తే సరిగా తొమ్మిది ఉన్నది. కెపాసిటరు దగ్గర మాత్రము రెండు నిముషములైనా ఎనిమిదీ పాయింటు ఒకటి దాటలేదు. మూడుసార్లు చేశాను” అన్నది.

“తీగ సరిగా తగిలియుండదమ్మా. పుస్తకములో తొమ్మిది, నీవును తొమ్మిదే వ్రాయుము” అంటిమి.

ఆమె మాకు ఎదురు చెప్పలేదు. తొమ్మిది వ్రాయనులేదు. ఆ రాత్రి భోజనములైన పిమ్మట తన పాత కంప్యూటరును తెచ్చి మా ముందు పెట్టి, “టైపు మీకు బాగా వచ్చును గదా, నేను చెప్పినట్లు కొట్టండి” అన్నది. పూర్వము మన పట్టణములలో వీధికొక టైపురైటింగు సంస్థ యుండెడిది. మేము హయ్యరు పరీక్ష నెగ్గినవారము. ఆ గర్వముతో కూర్చుంటిమి.

ఆ కంప్యూటరు చవుకది, జ్ఞాపకశక్తి తక్కువది. బొమ్మలతో పనిచేయు పెద్ద ప్రోగ్రాములు దానిమీద కదలవు. అందువలన ఆమె నల్లని తెఱను తెఱచినది. అందు కిటికీలు లేవు, బొమ్మలు లేవు. మినుకుమినుకుమను నొక గీత మాత్రము కలదు. అచ్చట మనము ఆజ్ఞను అక్షరములలో వ్రాసి పంపవలెను. ఆమె వాడునది ఎన్‌జిస్పైస్ అను సర్క్యూటు సిమ్యులేటరు. సర్క్యూటును మాటలలో వర్ణించినచో అందు ఎచ్చట ఎన్ని వోల్టులుండునో, ఎంత విద్యుత్తు ప్రవహించునో లెక్కకట్టి చెప్పు ప్రోగ్రామది. మొదట నొక చిన్న ఫైలు వ్రాయవలెను. తీగలు కలియు ప్రతిస్థానమునకు ఒక అంకె పెట్టవలెను, భూమికి సున్న. పిదప వస్తువున కొక పంక్తి. వి1 అను బ్యాటరీ, 1కి 0కి నడుమ, 9. ఆర్1 అను రెసిస్టరు, 1కి 2కి నడుమ, ఇన్ని ఓములు. సి1 అను కెపాసిటరు, 2కి 0కి నడుమ, పది మైక్రో; అది మొదట ఖాళీగా నున్నదనియు చెప్పవలెను. చివర, సెకనున కొకసారిగా రెండు నిముషములు చూడుమని ఒక పంక్తి, రెండవ స్థానపు వోల్టులు అచ్చువేయుమని ఒక పంక్తి, ముగిసినదని ఒక పంక్తి. అంతే. తరువాత నల్లతెఱమీద ప్రోగ్రాము పేరు, ఒక అడ్డగీత, ‘బి’ అను అక్షరము, ఫైలు పేరు వ్రాసి మీట నొక్కినచో, మారుమాట లేక లెక్క అంతయు తానే ముగించి పట్టిక ముందు పెట్టును.

మేము కొట్టితిమి, నొక్కితిమి. పట్టిక వచ్చినది. అన్నియు సున్నలే.

పిల్ల నవ్వినది. ఈ ప్రోగ్రాము మొదటి పంక్తిని ఎల్లప్పుడును పేరుగానే యెంచునట. దానిని లెక్కలోనికి తీసికొనదట. మేము ఏమరపాటున మొదటి పంక్తిలోనే బ్యాటరీని వ్రాసితిమి. కనుక బ్యాటరీ పేరైపోయినది, సర్క్యూటునకు ప్రాణము పోయినది. పైన నొక శీర్షిక చేర్చి మరల నొక్కితిమి. ఈసారి మొదటి సెకనులోనే 9 వచ్చినది, చివరవఱకు తొమ్మిదే.

“చూచితివా?” అంటిమి. ఆ మాట అనినప్పుడు మాకు కలిగిన సంతోషము ఇప్పుడు తలచుకొన్నచో సిగ్గగుచున్నది.

“చూచాను తాతయ్యా. కాని యింత త్వరగా ఎట్లు నిండినది? ఒక మెగాఓము, పది మైక్రోఫారడులు గుణిస్తే పది సెకనులు. పది సెకనులకు మూడింట రెండువంతులైనా నిండకూడదు. ఇది కనురెప్ప పాటులో నిండినది” అన్నది.

తప్పు మాదే. మెగా అనుటకు మేము ‘ఎమ్’ అను పెద్ద అక్షరము వ్రాసితిమి. ఈ ప్రోగ్రాము పెద్దయక్షరమునకును చిన్నయక్షరమునకును భేదము నెరుగదు. ‘ఎమ్’ అనగా దానికి మిల్లీ, అనగా వేయవవంతు. మెగా కావలెనన్నచో ‘మెగ్’ అని మూడక్షరములు వ్రాయవలెను. కావున మేము పదిలక్షల ఓములు చెప్పితిమనుకొనగా అది ఒక ఓములో వేయవవంతు వినినది, నూఱుకోట్లంతల తేడా. అయినను వచ్చిన సమాధానము మాకు ఇష్టమైన సమాధానమగుటచే మాకు అనుమానము రాలేదు. పిల్లకు వచ్చినది. తప్పుత్రోవను వచ్చిన తొమ్మిదిని గూడ మేము కౌగిలించుకొంటిమి!

‘మెగ్’ అని దిద్ది మరల నొక్కితిమి. ఇప్పుడు లెక్క ముద్దుగా నడచినది: పది సెకనులకు 5.69, నిముషమునకు 8.98, రెండు నిముషములకు 9. మేము మరల తలయెత్తితిమి. ఆమె మాత్రము శాంతముగా, “ఇంకొక్క పంక్తి కొట్టండి. ఆర్‌మీటరు, 2కి 0కి నడుమ, 10 మెగ్” అన్నది.

ఆ పంక్తి కొట్టుచుండగనే మా వ్రేళ్లు నిలిచిపోయినవి. అది మల్టీమీటరు. కెపాసిటరును కొలుచునప్పుడు మీటరు గూడ సర్క్యూటులోని వస్తువే. దాని లోపల పది మెగాఓముల నిరోధము కలదు. దానిగుండ కొంత విద్యుత్తు కారిపోవుచునే యుండును. కుండ నిండుచుండగా అడుగున సన్నని చిల్లి యున్నట్లు. లోనికి వచ్చునదియు బయటికి పోవునదియు సమానమైనచోట నీరు నిలుచును, నిండుగా నిలువదు. పదునొకండింట పదివంతులు, అనగా 8.18. మీట నొక్కగా తెఱమీద వచ్చినదియు అదియే. వోల్టుమీటరు తాను కొలుచు సర్క్యూటునుండి ఒకింత త్రాగునని, అందుచేత దాని నిరోధము మిక్కిలి హెచ్చుగా నుండవలెనని ప్రతిసంవత్సరము పాఠము చెప్పినవారము మేము! ఆ పాఠము ఒక తరగతిలోను, ఈ ప్రయోగము ఒక గదిలోను జరుగుచుండెడివి. రెంటికిని నడుమ తలుపు మేము తీయలేదు.

8.18కిని ఆమె చూచిన 8.1కిని ఇంకను కొంచెము భేదము కలదు. అందును గూర్చి అడిగితిమి. కెపాసిటరు సయితము లోలోపల కొంత కారును. రెసిస్టరుమీద వ్రాసిన విలువకును అసలు విలువకును నూటికి అయిదైనను తేడా యుండవచ్చును. అవి మనము చెప్పలేదు గనుక సిమ్యులేటరునకు తెలియవు, అన్నది. ఈ మాట చదువరులు మఱువరాదు. సిమ్యులేటరు సత్యమును చూడదు. మనము ఒప్పుకొన్న వస్తువులనుండి ఏమి రావలెనో అది మాత్రమే చెప్పును. మీటరును మేము దాచినప్పుడు అదియు తొమ్మిదే చెప్పినది. పిల్ల తన 8.1ని వదలక పట్టుకొని యుండకపోయినచో ఆ పంక్తి కొట్టవలసిన యక్కఱ ఎవరికిని తోచియుండదు.

లెక్క చేయు విధమును కూడ క్లుప్తముగా చెప్పెదము. ఏలయన అది గృహిణులకు చిరపరిచితమైన జమాఖర్చే. ప్రతి కలయికస్థానమునకును వచ్చిన విద్యుత్తెంతయో పోయిన విద్యుత్తంతయే కావలెనని కిర్కాఫ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1845లో చెప్పెను. ప్రోగ్రాము స్థానమునకొక సమీకరణముగా వ్రాసికొని అన్నిటిని ఒక్కసారిగా సాధించును. పిమ్మట కాలమును ఒక చిన్న అడుగు ముందునకు జరిపి మరల సాధించును. డయోడు, ట్రాన్సిస్టరు మొదలగు వంకర స్వభావము గల వస్తువులున్నచో మొదట నొక యూహ వేసి, లెక్కతో దానిని దిద్దుచు, దిద్దుట కేమియు మిగులనిచోట ఆగును. చేతితో చేసినచో నెలలు పట్టు లెక్క. ఆ పాత యంత్రము మీటమీది వ్రేలు తీయకముందే చేసినది.

దీని పుట్టుక తెలిసికొనదగినది. అమెరికాలోని బర్క్లీ నగరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో రోనాల్డు రోరర్ అను నాచార్యుడు తన తరగతి విద్యార్థులచేతనే యిట్టి ప్రోగ్రామును వ్రాయించెను. వారిలో లారెన్సు నాగెల్ అను విద్యార్థి దానిని, డొనాల్డు పెడర్సను అను నాచార్యుని పర్యవేక్షణమున, పెంచి స్పైస్ అను పేర సిద్ధపరుపగా, 1973లో కెనడాదేశపు వాటర్లూలో జరిగిన సభలో పెడర్సను దానిని లోకమునకు చూపెను. అప్పుడు ప్రోగ్రాములను అట్టకార్డులకు చిల్లులు పొడిచి కంప్యూటరునకు ఇచ్చెడివారు. కట్టలో పైకార్డు కట్టయొక్క పేరు. మా బ్యాటరీని మ్రింగిన మొదటి పంక్తి ఆ పైకార్డే. ఆ కార్డులమీద పెద్దయక్షరములు మాత్రమే యుండెడివి గనుక మెగాకును మిల్లీకిని ఒకే ‘ఎమ్’ చాలక ‘మెగ్’ అని వేరుచేయవలసివచ్చెను. కార్డులు పోయినవి, వాని యాచారములు నిలిచినవి. కారణము తెలియక పాటించు నాచారము మనుష్యులకే కాక యంత్రములకును కలదని మేము నవ్వుకొంటిమి. అయితే ఈ యాచారమునకు కారణము అడిగినవారికి దొరకును.

అంతకన్న ముఖ్యమైన విషయ మొకటి. పెడర్సను దానిని తాళము వేసి అమ్ముకొనలేదు. కావలసినవారికి పంచిపెట్టెను. వాడినవారు తప్పులు కనిపెట్టి తెలిపిరి. దిద్దినవారు తమ దిద్దుబాటును తిరిగి పంచిరి. ఆ వంశములో పుట్టినదే నేటి ఎన్‌జిస్పైస్. అది యెవరికైనను ఉచితము. బొంబాయి ఐ.ఐ.టి.వారు దీనిని లోపల నుంచుకొని ఈసిమ్ అను బొమ్మల ప్రోగ్రామును గూడ చేసి ఉచితముగనే యిచ్చుచున్నారు. 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయమును, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పినవారి తలంపు ఇదియే గదా: చదువు కొనలేనివాని యింటికి గూడ చదువు చేరవలెనని. గ్రంథము చేరినచోటికి ఇప్పుడు ప్రయోగశాల గూడ చేరవచ్చును. సెకనుకు కోటిసార్లు ఊగు తరంగములను చూపు పరికరములు మన యిండ్లలో నుండవు. నల్లతెఱమీద వాని లెక్కను చూచుటకు పాత కంప్యూటరు చాలును. కాలిపోవునన్న భయము లేదు, షాకు భయము లేదు, ఎన్నిసార్లు తప్పినను వస్తువు చెడదు. ఆడపిల్లకు ఇదేల యని వీధిలో నిలిచి చూచువారును లేరు.

ఇంతతో మా కథ ముగిసినచో బాగుండెడిది. మరునాడు ఉదయము పిల్ల బీరువాలోనుండి మా పాత సూదిమీటరును తీసినది. అది మేము కళాశాలలో వాడిన రకము. వోల్టునకు ఇరువదివేల ఓములని దాని ముఖముననే వ్రాసియున్నది. పది వోల్టుల కొలతమీద పెట్టినచో రెండులక్షల ఓములు. “తాతయ్యా, ముందు లెక్క చేసి, తరువాత కొలుద్దాము” అన్నది. మీటరు పంక్తిలో పది మెగ్ తీసి రెండువందల ‘కె’ అని వ్రాసితిమి. తెఱమీద వచ్చినది 1.5.

బ్యాటరీ తగిలించితిమి. సూది లేచినది. పది సెకనులలోపల ఒకటిన్నర దగ్గరకు వచ్చి నిలిచిపోయినది. ఎంతసేపు చూచినను అక్కడనే యున్నది.

మేము మాటాడలేకపోయితిమి. ఏలయన మా ప్రయోగశాలలో ముప్పదియేండ్లు ఉన్నవి ఆ మీటరులే, ఆ రెసిస్టరులే. నిదానముగా నిండినచో అందఱు వ్రాసికొందురని మెగాఓమును మేమే యేర్పరచితిమి. ఏటేట పిల్లలు ఆ సూది యెదుట నిలిచిరి. ఏటేట అది వారికి ఒకటిన్నర చూపెను. ఏటేట వారందఱు తొమ్మిది వ్రాసిరి. పై తరగతివారి రికార్డు క్రింది తరగతివారికి వచ్చుచుండెను. మేము సంతకము చేయుచుంటిమి. ఒక్కరైనను అడుగలేదా? అడిగినాడు. ఒక పిల్లవాడు, పల్లెటూరివాడు, “సారూ, సూది యిక్కడే ఆగిపోతున్నది” అని రెండుసార్లు వచ్చి చెప్పెను. బ్యాటరీ బలహీనమైనదనియు, తొమ్మిది వ్రాసి కూర్చుండుమనియు చెప్పితిమి. ఆ ముఖము ఇప్పుడు స్పష్టముగా జ్ఞాపకము వచ్చినది.

అతడు మా యూరిలోనే పల్నాటి రోడ్డుమీద మోటారు వైండింగు దుకాణము పెట్టుకొని యున్నాడు. రైతుల బోరు మోటార్లు కాలిపోయినచో క్రొత్తతీగ చుట్టి యిచ్చును. ఆ సాయంకాలమే పోయితిమి. అతడు కుర్చీ వేసి, చేతిలోని మెగ్గరును ప్రక్కన పెట్టి, టీ తెప్పించెను. మేము సంగతి యంతయు చెప్పి, ఆనాడు నీ సూది చెప్పినదే నిజము, తప్పు మాది అంటిమి. అతడు కొంతసేపు ఊరకుండి, “ఆ సర్క్యూటు నాకు గుర్తు లేదు మాస్టారూ. మీరు తొమ్మిది వ్రాయమన్నది మాత్రం గుర్తున్నది” అనెను. తరువాత తానే మాట మార్చి మనుమరాలి చదువును గూర్చి అడిగెను. అతని దుకాణములో కొలిచినదొకటి, వ్రాసినదొకటి యైనచో ఆ రాత్రియే రైతు మోటారు మరల కాలును. ఆ నియమమును అతడు మావద్ద నేర్చుకొనలేదు.

పిల్లలున్న గృహస్థులకు మా మనవి యిది. రికార్డులోని అక్షరముల యందము కన్న ముందు, “ఇది నీవు చూచినదేనా?” యని యడుగుడు. జవాబు సరిపోలేదని పిల్ల చెప్పినచో సంతోషించుడు. తీగ సరిగా తగులలేదని తొందరపడి చెప్పకుడు. ఉపాధ్యాయులకు మా మనవి యేమన, కొలతల పట్టికలో ఒక గడికి బదులు మూడు గీయింపుడు: కొలిచినది, లెక్క చెప్పినది, రెంటికిని భేదము. మార్కులు మూడవగడిని గూర్చి పిల్ల యేమి యాలోచించెనో దానికి వేయుడు. లెక్క చెప్పుటకు ఖర్చు లేని సాధనము ఇంటింటికి చేరగలిగిన కాలమిది. కావలసినది కొలిచినదానిని కొలిచినట్లు వ్రాయు ధైర్యమే. దానిని మనము పిల్లలకు క్రొత్తగా నేర్పనక్కఱలేదు, ఉన్నదానిని కొట్టివేయకున్న చాలును.

మా మనుమరాలు తన రికార్డును అట్లే మూడు గడులుగా మరల వ్రాసినది. పాత కాగితమును చింపవలదని మేమే కోరితిమి. మా ఎఱ్ఱగీతను మేమే నీలిసిరాతో అడ్డముగా కొట్టి, ప్రక్కన 8.1 అని వ్రాసి, తేదీ వేసి సంతకము చేసితిమి. మా జీవితమున రికార్డు పుస్తకములలో చేసిన సంతకములలో, లోపల నున్నది చదివి చేసినది అదియే మొదటిది.